ఇరుగుపొరుగు వాకబు

జనవరి 14, మంగళవారం

కాలేజీ గేటు దగ్గర పోస్టరు మార్చారు. నాలుగేళ్ళ కిందట నేను చూసి పడిపోయిన పోస్టరులో అమ్మాయి చేతిలో భూతద్దం ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఆ అమ్మాయికి తెల్ల సూటు తొడిగారు, వెనకాల పసుపుపచ్చ టేపు కట్టారు. "నేరశాస్త్రం చదవండి, సత్యాన్ని వెలికితీయండి" అట. మాతో చేరింది నూట నలభైమంది. ఈ ఆఖరి సెమిస్టరుకి మిగిలింది ముప్ఫై ఒక్కళ్ళం. ముందు బ్యాచివాళ్ళు సత్యాన్ని ఎక్కడెక్కడ వెలికితీస్తున్నారో నాకు తెలుసు. ఇద్దరు సూపర్‌మార్కెట్లో కెమెరాల ముందు కూర్చుని షాంపూ దొంగల్ని పడుతున్నారు. ఒకడు డాన్సు హాలు గుమ్మంలో నిలబడి తాగినవాళ్ళని బయటికి నెడుతున్నాడు. ఒకావిడ జీవిత బీమా అమ్ముతోంది, అందరికంటే సుఖంగా ఉన్నది ఆవిడే.

నేను వియెస్కా మేడం ఆఫీసులో సగం పూట పనిచేస్తున్నాను. మా ఊరు సల్తీయో చుట్టూ ఉన్న కార్ల ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి ఎవరైనా అప్లికేషను పెడితే, వాళ్ళింటికి చెప్పాపెట్టకుండా వెళ్ళడం, గదులు చూడడం, ఇంటి నంబరు పక్కన నిలబెట్టి ఫోటో తీయడం, ఇరుగుపొరుగుని అడగడం, రిపోర్టు రాయడం. ముందు కబురు చేస్తే ఇల్లు సర్దేసుకుంటారు కాబట్టి చెప్పకుండా వెళ్ళడమే మా వృత్తిధర్మం.

ఇవాళ ఒక వెల్డరు ఇల్లు. ఎవరో ఉప్పందించినట్టున్నారు, వంటింట్లో తళతళలాడే ఫ్రిజ్జి. దాని తలుపు మీద అంటించిన ఫోటోల్లో ఉన్నది పక్కింటి పెళ్ళి. తెరిచి చూస్తే దీపం వెలగలేదు, ప్లగ్గే పెట్టలేదు. "అరువు ఫ్రిజ్జి: నిజాయితీ సందేహాస్పదం" అని రాశాను. వెల్డరు భార్య నాకు కాఫీ ఇచ్చింది. కాఫీ బాగుంది, కానీ రిపోర్టులో దానికి గడి లేదు.


జనవరి 22, బుధవారం

మా ఊళ్ళో కొండవాలు కాలనీల్లో ఫైలు పట్టుకుని వెళ్ళి ఫలానా మనిషి ఇల్లెక్కడ అని అడగండి చూద్దాం. ఎవరికీ తెలీదు. ఆ మనిషి పక్కనే నిలబడి తాయిలం తింటున్నా తెలీదు. ఫైలు పట్టుకున్నవాళ్ళు వచ్చేది బాకీ కోసమో, అరెస్టు కోసమో అని వీళ్ళకి ఉగ్గుపాలతో పట్టిన జ్ఞానం. ఇవాళ ఒక ముసలాయనయితే సొంత అల్లుణ్ణే ఎరగనన్నాడు. అల్లుడు లోపల్నించి "మామయ్యా, నా ఉద్యోగం గురించి!" అని మొత్తుకుంటున్నాడు.

మా వీధి కూడా అచ్చం ఇంతే. మాకేం తక్కువ.


ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మ జైలుకి వెళ్ళింది. గోధుమ రొట్టెలు, చిక్కుడు గింజల ముద్ద, మిరపకాయ మాంసం. నేను వెళ్ళలేదు, థీసిస్ పని ఉంది.


ఫిబ్రవరి 11, మంగళవారం

థీసిస్ పేరు ఖాయమైంది: "ఖైదీ కుటుంబానికి పడే రెండో శిక్ష". ఆరీస్పె మాస్టారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నెరేయిదా, ఈ 'సాక్షి అ' ఎవరమ్మా? జైలు గేటు దగ్గర లైన్లో రొట్టెల బుట్ట కింద పెడితే, పక్కావిడ కాలితో తోసిందని చెప్పిన ఆవిడ? ఈ మాటలు ఎక్కడా దొరకవు."

"బజార్లో కలిసిన ఒకావిడ సార్" అన్నాను.

అమ్మ శనివారాలు బజారుకి వెళ్తుంది. అబద్ధం కాదు.


ఫిబ్రవరి 20, గురువారం

వచ్చింది! ప్రాసిక్యూషన్ ఆఫీసులో నేరస్థల నిపుణుల పోస్టు. ఒకే ఒక్కటి. తెల్ల సూటు, టేపు, అన్నీ. మా క్లాసులో ఇరవైమందైనా అప్లికేషను పెడతారు, మార్కుల్లో నాకు దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇద్దరే. ఈ ఉద్యోగం రాకపోతే నేను జీవితాంతం జనాల ఫ్రిజ్జి తలుపులు తెరుస్తూ ఉండాలి. ఈ మాట పెద్ద అక్షరాలతో రాసుకుంటున్నాను, వెనక్కి తగ్గాలనిపిస్తే చదువుకోడానికి.

ఫారం పద్దెనిమిది పేజీలు. నలభై ఒకటో ప్రశ్న: రక్తసంబంధీకుల్లో జైలుశిక్ష అనుభవిస్తున్నవారు ఉన్నారా?

నాలుగేళ్ళు మాకు చెప్పింది ఏమిటంటే నేరం రక్తంలో ఉండదని. పరీక్షలో నాకు ఆ ప్రశ్నకి పదికి పది. మరి అది నిజమైతే ఈ ప్రశ్న అడక్కూడదు. అడక్కూడని ప్రశ్నకి నిజం చెప్పనక్కర్లేదు. ఇది తర్కం.

"లేరు" అని టిక్కు పెట్టాను.


ఫిబ్రవరి 21, శుక్రవారం

మా అన్న ఎఫ్రాయిన్ ఇంటిపేరు లువేవానో, నాది సెర్తూచె. అమ్మ మొదటి పెళ్ళికి పుట్టింది వాడు, రెండో పెళ్ళికి నేను. కాయితాల మీద మమ్మల్ని కలిపేది అమ్మ పేరు, ఈ ఇంటి నంబరు, అంతే. ఏ ఆఫీసు కంప్యూటరూ ఇంకో ఆఫీసు కంప్యూటరు ముఖం చూడదని నా ఉద్యోగంలో తెలుసుకున్నాను. ఇక మిగిలింది వీధి.

వాడు చేసింది ఏమిటంటే రాగి తీగ చుట్టలున్న లారీ నడిపాడు. దొంగ సరుకని తెలీదట. అందరూ అదే అంటారు, రెండో ఏడాది పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. ఏడేళ్ళు వేశారు, నాలుగు కావస్తున్నాయి.

నేను నేరశాస్త్రం చదవడానికీ వాడికీ ఏ సంబంధం లేదు. వాణ్ణి పట్టుకెళ్ళింది మేలో, నేను కాలేజీలో చేరింది ఆగస్టులో.


మార్చి 5, బుధవారం

బూడిద బుధవారం. అమ్మ గుడినుంచి నుదుట బూడిద బొట్టుతో వచ్చింది. అదే అదనుగా అడిగేశాను. ఇవాళ మంచి మనసుతో ఉంటుందని నా లెక్క.

"ఇంటికొచ్చి అడుగుతారమ్మా. పిల్లలెంతమంది అంటే ఒక్కతే కూతురు అను. చాలు."

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరిగి నా మొహంలోకి చూసింది. "కన్న కొడుకుని లేడనమంటావుటే?"

"గంటసేపమ్మా. గంట తర్వాత మళ్ళీ ఉంటాడు."

"వాడికి తెలిస్తే?"

"ఎవరు చెప్తారు వాడికి? నువ్వు చెప్తావా?"

రొట్టె మాడింది. అమ్మ ఎప్పుడూ రొట్టె మాడ్చదు. కాసేపటికి "ఎదురింటి ఒబ్దూలియా వదినకి కూడా చెప్పాలి కదా, ఆవిడ నోరు ఊరుకోదు" అంది. అంటే ఒప్పుకున్నట్టే. ఎగిరి గంతేశాను. అమ్మ బుగ్గ మీద ముద్దుపెట్టుకుంటే చెంప తడిగా ఉంది. పొయ్యి వేడికి అనుకుంటాను.


మార్చి 7, శుక్రవారం

అమ్మ నాలుగిళ్ళకి కల్లు పోసి పులియబెట్టిన పుల్కే రొట్టె పంచి పాఠం చెప్పి వచ్చింది. నేనే చీటీ రాసిచ్చాను: ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా, అంపారోకి ఒక్కతే కూతురు. కొడుకు లేడు, ఎప్పుడూ లేడు. పేరు విన్లేదు. ఎక్కువ పొగడొద్దు, నలుగురూ ఒకే మాట అనొద్దు, అనుమానం వస్తుంది.

టైర్లకి పంక్చర్లేసే సిప్రియానో చీటీ చదివి అమ్మతో అన్నాడట: "ఇదా? ఇది మాకు నేర్పాలా? మొన్న నా గురించి అడిగితే నేనే నన్నెరగనన్నాను."

ఒబ్దూలియా అత్త మాత్రం "ఎప్పటిదాకా లేడు?" అని అడిగిందట. అమ్మ ఆ ప్రశ్న నా దగ్గరికి మోసుకొచ్చింది.

"నేను చెప్పేదాకా" అన్నాను.


మార్చి 12, బుధవారం

వచ్చాడు. వాకబు ఆఫీసరు. గళ్ళ చొక్కా, నీటుగా దువ్విన జుట్టు, నలభై ఏళ్ళుంటాయి. నాకు తెలిసిన ప్రతి గడినీ నింపాడు. మా ఫ్రిజ్జి తలుపు తీసి చూశాడు, దీపం వెలిగింది. నాకు గర్వంగా అనిపించింది.

"పిల్లలెంతమందమ్మా?"

"ఒక్కతే" అంది అమ్మ. ఎక్కడా తడబడలేదు. చేతులు మాత్రం ఏప్రన్ కింద పెట్టుకుంది.

తర్వాత వీధిలోకి వెళ్ళాడు. నేను కిటికీ తెర వెనక. ఒబ్దూలియా అత్త ఊడ్చే చీపురు ఆపి, నడుం మీద చెయ్యేసి, వీధంతా వినబడేలా అంటోంది: "కొడుకా? ఏ కొడుకు నాయనా! పాపం కొడుకు కావాలని ఎంత మొక్కుకుందో మా అంపారో వదిన! దేవుడు ఈ పిల్లనే ఇచ్చాడు. ఇది చాలదూ? పదిమంది మగాళ్ళ పెట్టు!"

చీటీలో మొక్కుబడి లేదు, సొంతంగా కల్పించింది. మహానటి! పగలబడి నవ్వాను. వెనక్కి తిరిగితే అమ్మ నా వెనకే ఉంది. నవ్వట్లేదు.

ఎఫ్రాయిన్‌ని నెలల పిల్లాడప్పుడు ఎత్తుకుని తిప్పింది ఒబ్దూలియా అత్తేనట. అమ్మ అది నాకెందుకు చెప్పిందో ఇప్పుడు.


మార్చి 27, గురువారం

అబద్ధాలు పట్టే యంత్రం. వేళ్ళకి తీగలు, ఛాతీకి పట్టీ. మూడో ఏడాదిలో ఆరీస్పె మాస్టారు చెప్పారు: ఇది అబద్ధమాడేవాళ్ళని పట్టదు, భయపడేవాళ్ళని పడుతుంది. బయట బెంచీ మీద నాకు ముందున్న కుర్రాడు, ఏడుపు మొహంతో ఉన్నవాడు, చిన్నప్పుడు చాక్లెట్టు దొంగిలించానని ఒప్పేసుకుని ఛాన్సు పోగొట్టుకున్నాడట.

"ఫారంలో ఏదైనా దాచారా?"

"లేదు."

"మీ కుటుంబంలో ఎవరైనా జైల్లో ఉన్నారా?"

"లేరు."

గీత కదల్లేదు. నేను చూశాను. పరీక్షించే ఆవిడ "మీది చాలా నిదానమైన గుండె" అంది మెచ్చుకోలుగా.  ఇంటికొస్తూ బస్టాండు దగ్గర ఆగి రెండు మొక్కజొన్న పొత్తులు తిన్నాను.


ఏప్రిల్ 18, శుక్రవారం

గుడ్ ఫ్రైడే. అమ్మ రొట్టె, బెల్లం, జున్నుతో కపిరోతాదా చేసింది. సగం గిన్నె ఆదివారానికి పక్కన పెట్టింది. ఎవరికని అడగలేదు.


మే 2, శుక్రవారం

నాకే! ఒక్క పోస్టూ నాకే వచ్చింది! జూన్ 2న చేరాలి, ఆర్నెల్లు ప్రొబేషను. వియెస్కా మేడం కౌగిలించుకుని "మా సంస్థకే గర్వకారణం" అంది. నెల కిందట నన్ను నెమ్మదిగా టైపు చేస్తానని తిట్టిన మనిషే.

థీసిస్‌కి కూడా విశేష ప్రశంస. కాలేజీ పత్రికలో వేస్తారట. "ఖైదీ కుటుంబాన్ని సమాజం ఎలా మాయం చేస్తుందో ఇంత చక్కగా ఎవరూ రాయలేదు" అన్నారు ఆరీస్పె మాస్టారు. ఆయనకి చాలా తెలుసు, ఇది మాత్రం తెలీదు.


మే 10, శనివారం

అమ్మల రోజు. జైలునుంచి ఫోను. అమ్మ రిసీవరుని రెండు చేతులతో పట్టుకుంది. అవతల ఎఫ్రాయిన్ అరుస్తున్నాడు, వంటింట్లోకి వినబడుతోంది. ముందస్తు విడుదలకి ఫైలు పైకి వెళ్ళిందట! సత్ప్రవర్తనకి మంచి మార్కులు వచ్చాయట. ఇక ఒక్కటే మిగిలింది. విడుదలయ్యాక ఉండటానికి ఇల్లుందా, అయినవాళ్ళున్నారా అని జైలువాళ్ళు వచ్చి చూసుకుంటారట. అది రాసిస్తే ఆగస్టుకల్లా ఇంట్లో ఉంటాడట.

"చెల్లెమ్మకి ఇవ్వమ్మా, ఉద్యోగం వచ్చిందటగా, తెల్ల సూటు దొరసాని!"

స్నానం చేస్తున్నానని చెప్పమని సైగ చేశాను.

అమ్మ ఫోను పెట్టేసి ఆ ఊపులోనే చెప్పులేసుకుంది. "ఒబ్దూలియాకి, సిప్రియానోకి చెప్పొస్తా. ఇక ఉన్నాడని చెప్పొచ్చని."

చెయ్యి పట్టుకుని ఆపాను. "ఇప్పుడే వద్దమ్మా. ప్రొబేషన్లో మళ్ళీ వాకబుకి వస్తారు. ఈ ఆర్నెల్లు ఎవరొస్తారో ఎప్పుడొస్తారో."

"మరి జైలువాళ్ళు వస్తే?"

"ముందు కబురు చేసి వస్తారులే. అప్పుడు చెప్దువుగాని."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. కబురు చేసి వచ్చే ఆఫీసులు ఉంటాయేమో, ఉండకూడదని ఎక్కడా లేదు. అమ్మ చెప్పులు విప్పేసింది. నేను చదువుకున్నదాన్ని కదా, నా మాట మీద అమ్మకి గురి.


జూన్ 4, బుధవారం

తెల్ల సూటు వేసుకున్నాను. వేడికి చచ్చాను. మొదటి కేసు: ఎవరో చెప్పుల దుకాణం అద్దం పగలగొట్టారు. పసుపు టేపు నేనే కట్టాను. జనం ఫోటోలు తీశారు. చాలా సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.


జూన్ 17, మంగళవారం

వరసగా రాసుకుంటాను. నేరస్థలాన్ని వరసగా రాయాలి.

ఇరవైనాలుగు గంటల డ్యూటీ దిగి ఇంట్లో ఉన్నాను. నేను వచ్చేసరికే అమ్మ బడి వంటశాలలో పనికి వెళ్ళిపోయింది. పదకొండు దాటింది. వీధిలో కుక్కలు మొరిగాయి. కిటికీలోంచి చూస్తే నా వయసమ్మాయి, భుజాన సంచీ, చేతిలో ఫైలు. ఒబ్దూలియా అత్త గుమ్మంలో.

అమ్మాయి: "ఎఫ్రాయిన్ లువేవానో వాళ్ళిల్లు ఇదేనాండీ?"

ఒబ్దూలియా అత్త: "ఎవరూ? ఆ పేరుగలవాళ్ళు ఈ వీధిలో పుట్టలేదమ్మా."

"అంపారోగారి కొడుకు..."

"అంపారోకి కొడుకేంటి! పిచ్చిదానా, దానికి ఒక్కతే కూతురు. కొడుకు కావాలని ఎంత మొక్కుకుందో పాపం!"

మళ్ళీ మొక్కుబడి. అక్కణ్ణుంచి సిప్రియానో. తల అడ్డంగా ఊపాడు, లేడని. తర్వాత మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. నలుగురూ లేడన్నారు. నలుగురూ ఒకే మాట అనలేదు, చీటీలో చెప్పినట్టే. నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. పరిగెత్తి వెళ్ళి చెప్పడానికి ఇరవై అడుగులుంటుంది. కాళ్ళు రాలేదని రాయను, కాళ్ళు బాగానే ఉన్నాయి.

తర్వాత మా తలుపు కొట్టింది.

తీశాను. జైలు నేరశాస్త్ర విభాగమట. మా కాలేజీయేనట, నాకంటే ఒక బ్యాచి ముందు. మొహమంతా చెమట, కొండెక్కి నడిచి వచ్చింది. మంచినీళ్ళిచ్చాను.

"అంపారోగారి అమ్మాయేనా మీరు? చూడండి, వీధిలో అందరూ కొడుకే లేడంటున్నారు. ఇలా అంటారని నాకూ తెలుసు, ఫైలు చూస్తే ఎవరూ నిజం చెప్పరు. ఇంట్లోవాళ్ళు ఒక్కళ్ళు అవునని సంతకం పెడితే చాలు, వీధి మాట పక్కన పెట్టేస్తాను. మీరు ఆయన చెల్లెలే కదా?"

ఎంత మంచిపిల్ల! నా కళ్ళలోకి చూస్తూ కలం అందిస్తోంది.

ఆ సంతకం ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. ముందస్తు విడుదల ఫైళ్ళన్నీ ప్రాసిక్యూషన్‌వాళ్ళ అభిప్రాయానికి వస్తాయి. మా ఆఫీసుకే, రెండో అంతస్తు. నెరేయిదా సెర్తూచె, సోదరి. నలభై ఒకటో ప్రశ్న.

"నేను ఒక్కతే కూతుర్నండీ" అన్నాను.

"మరి అంపారోగారు ప్రతి ఆదివారం..."

"మా అమ్మది జాలిగుండె. దిక్కులేనివాళ్ళని చూడ్డానికి వెళ్తుంది. గుడివాళ్ళతో."

అమ్మాయి కలం వెనక్కి తీసుకుంది. రాసుకుంది. నీళ్ళగ్లాసు కడిగి మరీ ఇచ్చింది. గుమ్మం దాటాక ఒబ్దూలియా అత్త నాకేసి చూసి, గెలిచామన్నట్టు చీపురు పైకెత్తి ఊపింది.

నిదానమైన గుండె నాది.


జూన్ 18, బుధవారం

అమ్మకి చెప్పలేదు. నిన్న నేను ఇంట్లో ఉన్నట్టు అమ్మతో అనొద్దని ఒబ్దూలియా అత్తకి కూడా చెప్పాను, నా ఉద్యోగం వాకబేనన్నాను. డ్యూటీ ఉంది.


జూన్ 22, ఆదివారం

అమ్మ జైలుకి వెళ్ళింది. వాడు రోజులు లెక్కపెడుతున్నాడట.


జూలై 9, బుధవారం

తిరస్కరించారు. "నివాసం, కుటుంబ బంధం ధ్రువపడలేదు." అమ్మ కాయితాన్ని తిప్పి తిప్పి చూసింది. వెనకవైపు ఇంకేమైనా ఉంటుందేమోనని.

ఒబ్దూలియా అత్త పరిగెత్తుకొచ్చింది. విషయం తెలిసి గుమ్మంలోనే కూలబడి నెత్తి కొట్టుకుంది. "వదినా, నువ్వు చెప్పమన్నావనే కదే చెప్పాను! ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా అన్నావు! వాణ్ణి ఈ చేతులతో ఎత్తుకుని తిప్పాను, నా నోరు పడిపోనూ!"

"నీ తప్పేం లేదే" అంది అమ్మ. "నేర్పింది నేను. నేనే రొట్టె పంచి మరీ నేర్పాను. నా కొడుకుని నా చేత్తోనే తుడిచేసుకున్నాను."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఊరుకోమ్మా, అప్పీలు చేసుకోవచ్చు" అన్నాను.

అత్త వెళ్ళాక అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. "నువ్వు ఇంట్లో ఉండి ఉంటే ఇలా అయ్యేది కాదు తల్లీ. ఆ వేళ నీకు డ్యూటీ."

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, ఇది మాత్రం నిజం. అమ్మే నా వీపు నిమిరింది. ఓదార్పు పొందడానికి నాకేం అర్హత ఉందో నాకు తెలీదు, పొందాను.


జూలై 13, ఆదివారం

అమ్మ ఈ వారం జైలుకి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళేది అంది. అప్పీలు ఫారం నా ముందు పెట్టింది. "చదువుకున్నదానివి, నువ్వే రాయి. కోర్టు మెచ్చేట్టు రాయి."

రాశాను. చాలా బాగా రాశాను. వీధిలో ఫైలు చూస్తే భయమని, దాన్ని కుటుంబం లేకపోవడంగా లెక్కగట్టకూడదని, థీసిస్‌లోంచి రెండు పేరాలు ఎత్తి పెట్టాను. దరఖాస్తుదారు: అంపారో. ఖైదీతో సంబంధం: తల్లి.

తర్వాతి గడి: ఇంట్లో ఉంటున్న ఇతర కుటుంబసభ్యులు, వారి వృత్తి, సంతకం.

చాలాసేపు ఆలోచించాను. పాత రిపోర్టులో ఒకమాట ఉంది, ఇక్కడ ఇంకోమాట ఉంటే మొత్తం ఫైలే అబద్ధంలా కనిపిస్తుంది. పరస్పర విరుద్ధమైన వాంగ్మూలాలు ఖైదీకే నష్టం. ఇది వృత్తిరీత్యా నాకు తెలుసు. వాడి మంచికోసమే ఆ గడిలో గీత పెట్టేశాను.

అమ్మకి ఆ చిన్న అక్షరాలు ఆనవు. కలం పట్టుకుని అడిగింది.

"నీ పేరు కూడా రాశావా? ప్రాసిక్యూషన్లో పనిచేసే చెల్లెలుందంటే వాళ్ళు కాదనలేరు."

"రాశానమ్మా."

అమ్మ సంతకం పెట్టింది.